మూడో షిఫ్టు డయాలసిస్ అయ్యాక నాన్నని రాత్రి ఇంటికి చేర్చేదెలా?

విభాగం: ఆరోగ్యం, ఆసుపత్రులు, పథకాలు

గెడ్డ ఒడ్డు (కొత్త సభ్యుడు) · నవంబరు 3, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ణే, ఇవాళ రాయక తప్పలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. నేను గాజువాక దగ్గర ఒక కంపెనీ స్టోర్స్‌లో చేస్తాను. నాన్నకి 61. కొబ్బరి దింపు పని చేసేవాడు. జూలైలో డయాలసిస్ మొదలెట్టారు. సోమ, బుధ, శుక్రవారాలు, వారానికి మూడుసార్లు. ప్రభుత్వ కేంద్రంలోనే, పైసా తీసుకోరు. అక్కడి పిల్లలు బాగానే చూస్తారు, ఆ విషయంలో నాకే ఫిర్యాదూ లేదు. మా ఊరికి 27 కిలోమీటర్లు.

తంటా అంతా షిఫ్టుతోనే. చివర చేరాం కాబట్టి మూడో షిఫ్టు ఇచ్చారు. నాలుగున్నరకి రమ్మంటారు, మిషన్ ఎక్కేసరికి ఐదున్నర. నాలుగు గంటలు. దిగాక సూదులు తీసిన చోట పావుగంట అదిమి పట్టుకుని కూర్చోవాలి. బయటపడేసరికి పది. మా వైపు ఆఖరి బస్సు ఎనిమిదికే వెళ్లిపోతుంది. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, అమ్మ నవ్వుతుంది: "నాకు టిక్కెట్టూ లేదు, బస్సూ లేదు."

ఆటో రానూపోనూ, వెయిటింగుతో కలిపి 800. నెలకి పదమూడు సార్లు వేసుకోండి, 10,400. నాన్నకొచ్చే డయాలసిస్ పింఛను 10,000. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి ఇస్తుంది, సాయంత్రానికి ఆటో అతని చేతిలో ఉంటుంది. పైన నాలుగొందలు మేమే బాకీ.

పోయిన శుక్రవారం తిరిగొచ్చేటప్పుడు దారిలో నాన్నకి బీపీ పడిపోయింది. జీడితోట పక్కన ఆటో ఆపి, సీటు మీద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి తన ఒళ్లో పెట్టుకుందట అమ్మ. సెల్‌ఫోను లైటు వెలుగులో. నాకు మర్నాడు చెప్పారు.

విశాఖ తెచ్చేసుకుందామని నా ఆలోచన. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ) కింద చేసే ఆసుపత్రులు ఇక్కడ చాలానే ఉన్నాయి. మాది రెండు గదుల పోర్షను, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చెల్లెలు వద్దంటోంది. ఇలా మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేదంటే షిఫ్టు మార్పించుకునే దారి ఏదైనా ఉందా?

సోంపేట అల్లుడు · నవంబరు 3, రాత్రి 11:14

తేవద్దు తమ్ముడూ. మా మావగారిని హైదరాబాదు తీసుకెళ్లి ఆర్నెల్లు ఉంచాం. డయాలసిస్ లేని రోజు ఏం చెయ్యాలో తెలీక మా వాడి హోంవర్కు చేసిపెట్టేవాడు. టీచరు పట్టుకుంది. తిరిగి పంపేశాం.

లెక్కల పంతులు · నవంబరు 4, ఉదయం 6:20

నిన్న రాత్రే చదివాను, పడుకున్నా ఆ 10,400 బుర్రలోంచి పోలేదు.

ఈ రాష్ట్రంలో కాన్పు అయిన తల్లిని ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి దింపడానికి బండి ఉంది, తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్. మంచి పని. గుండె పట్టేస్తే 108 ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన రోజు నాకు గుర్తే, అప్పుడు అక్కడే పనిచేసేవాణ్ణి. మరి వారానికి మూడుసార్లు, బతికినంతకాలం, నీరసంతో, చేతికి పట్టీతో బయటికొచ్చే మనిషికి? 108 అత్యవసరానికే, రోజువారీ రాకపోకలకి రాదు, రాకూడదు కూడా. తల్లి జీవితంలో రెండుసార్లు ఎక్కే బండి ఉంది, ఈయన ఏడాదికి నూట యాభై ఆరుసార్లు ఎక్కాల్సిన బండి లేదు.

మిషన్లకి టెండరు పిలిచినవాళ్లు రాత్రి పదింటికి పేషెంటు ఎలా ఇంటికెళ్తాడని ఒక్కసారి అడుక్కున్నట్టు లేదు.

నిజం నిష్ఠూరం · నవంబరు 4, ఉదయం 7:45

పంతులుగారూ, ఏమీ చెయ్యనట్టు రాయకండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చిన పథకానికే 700 కోట్లు. డయాలసిస్ పింఛను పది వేలు చేసిందెవరో కూడా చెప్పండి.

పైడి భీమవరం · నవంబరు 4, ఉదయం 8:02

మరి 2017లో ఉద్దానంలో డయాలసిస్ కేంద్రాలు ఎవరి హయాంలో వచ్చాయి? ఆ జనవరిలో ఇచ్ఛాపురం వచ్చి దీని గురించి మాట్లాడిందెవరు? అప్పటిదాకా మీరంతా ఎక్కడున్నారు?

వేదిక నిర్వాహకుడు · నవంబరు 4, ఉదయం 9:30

దీని తర్వాత వచ్చిన ఏడు పోస్టులు తీసేశాను. ఎవరి హయాంలో ఎంత చేశారన్నదానికి రాజకీయాల విభాగంలో నాలుగు వందల పేజీల దారం నడుస్తోంది, అక్కడ కొట్టుకోండి. అడిగినాయన అడిగింది రాత్రి పదింటి సంగతి.

మిషన్ పక్క మనిషి · నవంబరు 4, మధ్యాహ్నం 3:25

గెడ్డ ఒడ్డు గారూ, నేను డయాలసిస్ టెక్నీషియన్ని. మీ జిల్లా కాదు. ఇప్పుడే రెండో షిఫ్టు దించాను, మూడోది ఎక్కించే లోపు రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ముందు షిఫ్టుల లోపలి సంగతి. ఒక మిషన్ మీద రోజుకి ముగ్గురు. పది మిషన్లుంటే సోమ-బుధ-శుక్ర ముప్పై మంది, మంగళ-గురు-శని ముప్పై మంది. అరవై. అందులోనూ హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లకి మిషన్ విడిగా ఉండాలి. అది ఖాళీగా కనపడ్డా మిగతావాళ్లని ఎక్కించం. "అక్కడ మంచం ఖాళీగానే ఉంది కదా" అని రోజూ ఎవరో ఒకరు పోట్లాడతారు. ఒక్కో మనిషికి నాలుగు గంటల్లో సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఆర్వో ప్లాంటు మొరాయిస్తే, కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే పొద్దున షిఫ్టు గంట ఆలస్యం, మధ్యాహ్నం గంటన్నర, మూడోది రెండు గంటలు. మీ నాన్నగారి నాలుగున్నర ఐదున్నర అయ్యేది అందుకే.

పొద్దున షిఫ్టులో ఖాళీ ఎలా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఈ మాట పేషెంటు ఇంటివాళ్లతో ఎప్పుడూ అనను. ఇక్కడ నా పేరు లేదు కాబట్టి రాశాను.

చెయ్యగలిగింది చెప్తాను. పొద్దున షిఫ్టులో కేంద్రం ఉన్న ఊళ్లోనే ఉండే పేషెంటు ఎవరైనా ఉన్నారేమో చూడండి. నడిచి ఇంటికెళ్లే మనిషికి రాత్రి పదైనా పెద్ద తేడా ఉండదు, మీకు ప్రాణం. ఇద్దరూ ఒప్పుకుని వచ్చి అడిగితే మేం మార్చేస్తాం, మాకు పోయేదేం లేదు. మేమే ఒకరిని "నువ్వు రాత్రికి మారు" అనలేం.

విశాఖ మార్చాలంటే ఊరికే తీసుకెళ్లి దింపకండి. ముందు అక్కడ స్లాటు ఖాయం చేసుకోండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి రిపోర్టులు కొత్తవి ఉండాలి, ఆఖరి మూడు నాలుగు సెషన్ల షీట్లు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎంతో రాయించుకోండి. మధ్యలో ఒక్క సెషన్ జారినా ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి పరిగెత్తాలి.

ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసేది) పెట్టారా, ఇంకా మెడ దగ్గర గొట్టమేనా?

గెడ్డ ఒడ్డు · నవంబరు 4, సాయంత్రం 6:40

చాలా థాంక్సండీ. మొన్నటిదాకా మెడ దగ్గర గొట్టమే. ఆగస్టు చివర ఎడమ చేతికి ఫిస్టులా పెట్టారు, దసరా దాటాక దానికే సూదులు గుచ్చడం మొదలెట్టారు. దాని మీద చెవి పెడితే పిల్లి గురగురలాడినట్టు వినిపిస్తుంది. మా చెల్లెలి కూతురు తాతయ్య చేతిలో పిల్లి ఉందని బడిలో అందరికీ చెప్పేసింది.

మిషన్ పక్క మనిషి · నవంబరు 4, రాత్రి 10:31

ఆ పిల్లి అరుస్తున్నంతకాలం భయం లేదు. రోజూ పొద్దున్న, పడుకునేముందు చెయ్యి పెట్టి చూసుకోమనండి. ఆగిపోయిందనిపిస్తే అదే రోజు, అదే గంట ఆసుపత్రికి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దు, రక్తం తియ్యనివ్వద్దు, దాని మీద తలపెట్టి పడుకోవద్దు, బరువు మొయ్యొద్దు. జ్వరమొచ్చి వేరే ఆసుపత్రికి వెళ్తే నర్సమ్మ తెలీక ఆ చెయ్యే అడుగుతుంది. గట్టిగా కాదనాలి.

మూలికా మిత్ర · నవంబరు 4, రాత్రి 11:50

[నిర్వాహకుడు తొలగించారు: ఫోన్ నంబరుతో మందు ప్రకటన]

పలాస కొత్తిల్లు · నవంబరు 5, ఉదయం 11:05

అన్నయ్యగారూ, షిఫ్టు సంగతి నాకు తెలీదు గానీ వేరే విషయం ఒకటి. మా అమ్మ కూడా డయాలసిస్ పేషెంటే. ఇరవై రెండేళ్లు జీడిపిక్కల పనిచేసింది. పిక్క పగలగొట్టినప్పుడు పెంకులోంచి కారే జీడి నూనె ఉంటాది కదా, అది చేతులు తినేస్తాది. ఎంత బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా నల్లబడిపోయి, తోలు ఊడి, మళ్లీ కొత్త తోలు వచ్చి... అమ్మ వేళ్ల మీద గీతల్లేవు. నిజంగానే లేవు, నున్నగా చింతపిక్కల్లా ఉంటాయి.

మొదటిసారి వేలిముద్ర అడిగినప్పుడు పదివేళ్లూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు. కౌంటరు అబ్బాయి "అమ్మా, చెయ్యి కడుక్కుని రా" అన్నాడు. కడుక్కుని వచ్చింది. మళ్లీ కడుక్కుని రమ్మన్నాడు. మూడోసారి అమ్మ వెళ్లలేదు, కుళాయి దగ్గరే కూకుండిపోయింది. నాను వెళ్లి చూస్తే చేతులు చీర కింద దాచుకుని ఉంది.

ఇప్పుడు పింఛనుకి ముఖం చూసి తీసుకునే పద్ధతి ఉంది, కంటిపాప కూడా తీస్తారు. వేలిముద్ర పడకపోతే అది అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఆధార్‌కి ఫోన్ నంబరు సరైనదే ఉందో లేదో కూడా చూసుకోండి. మా అమ్మ ఆధార్‌కి ఎప్పుడో పోయిన మా బాబాయి నంబరు ఉంది, దాన్ని మార్చడానికే మూడు రోజులు తిరిగాం. విశాఖ మార్చేముందు ఇవన్నీ చూసుకోండి. పింఛను ఒకటి రెండు నెలలు తీసుకోకపోతే తర్వాతి నెల కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలూ ఊళ్లో లేకపోతే ఆగిపోతాది.

లెక్కల పంతులు · నవంబరు 5, మధ్యాహ్నం 12:15

అమ్మా, పలాస జీడిపప్పు నేను చాలాసార్లు కొన్నాను.

ఓరుగల్లు పిల్ల · నవంబరు 5, మధ్యాహ్నం 2:48

అన్నా, మాది వరంగల్ పక్కన ఊరు. మా నాయినకు మూడేండ్ల సంది డయాలసిస్. మాకు గూడ మొదట్ల గిదే గోస. పొద్దుగాల ఆరింటి షిఫ్టు, నాలుగింటికి లేసి ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాక నడిసి పోతుంటిమి. మాకు ఆడోళ్లకు ఫ్రీ బస్సు 2023 డిసెంబర్ల వచ్చింది, అయితేంది, గా టైముకు ఏ బస్సొస్తది?

ఒకనాడు డయాలసిస్ కాడ కూసున్న ఇంటోళ్లందరం మాట్లాడుకుంటే తెలిసింది. మా రూటుల మేం గాక ఇంక నలుగురున్నరు! ఏడు నెలల నుంచి ఒకే రోడ్డు మీద ఎవలి ఆటో వాళ్లు మాట్లాడుకుంటున్నం. ఒకలు పొద్దుగాల, ఒకలు పగటీలి, ఒకలు రాత్రి. అందరం కలిసి పోయి సార్‌ను అడిగితే రెండు నెలలల్ల ఒక్కొక్కలను ఒకటే షిఫ్టుకు తెచ్చిండు. ఇప్పుడు ఐదుగురికి ఒకటే ఆటో. డ్రైవరు మా నాయిన కోసం ఎన్క సీట్ల మెత్త గూడ పెట్టిండు.

షిఫ్టు మార్చమని అడుగుడు కాదన్నా, మీ తొవ్వల ఇంకెవలున్నరో ముందు చూడు.

మిషన్ పక్క మనిషి · నవంబరు 5, సాయంత్రం 4:10

చెల్లెమ్మా, ఆరేళ్లుగా షిఫ్టు చార్టు నేనే వేస్తున్నాను. అందులో పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, వైరల్ రిపోర్టు, డ్రై వెయిట్ అన్నీ ఉంటాయి. ఊరి పేరు గడి లేదు. ఇవాళ పెన్నుతో గీశాను.

కువైట్ కబుర్లు · నవంబరు 5, రాత్రి 9:33

నాదీ కంచిలి పక్కే. 2019లో మెడికల్‌లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) 1.9 అని వీసా ఆపేశారు, మందులు వాడితే తగ్గింది, మళ్లీ వచ్చాను. ఇప్పుడు ప్రతి మూడు నెలలకీ చూపించుకుంటాను, పెయిన్ కిల్లర్ ముట్టను. ఎండలో పనికెళ్తే గంటకోసారి నీళ్లు.

భాయ్, నా మాట విని మీ నాన్నని ఉద్దానం నుంచి తీసుకుపో. ఆ నీళ్లలోనే ఉంది విషం.

రెండో బాటిల్ · నవంబరు 5, రాత్రి 11:40

కువైట్ బావా, నీళ్లో, పురుగుమందో, ఎండలో సెమటోడ్చి నీళ్లు తాగకపోవడమో, నొప్పుల బిళ్లలో, వంశంలో ఉందో, ఇంతవరకు ఇదీ అని ఎవలూ తేల్సలేదు. శ్రీలంకలోనూ ఉందట, నికరాగ్వా అనే దేశంలో సెరుకు కోసినోళ్లకీ ఉందట, అక్కడా తేల్సలేదు. పైగా కిడ్నీ పాడైపోయినాక ఊరు మారితే కిడ్నీ తిరిగొస్తాదేటి?

గెడ్డ ఒడ్డూ, నాను పేషెంటుని. 2017 నుంచి మిషన్ మీదే ఉన్నాను. అప్పటికి నాకు 36. అంతకుముందు మా ఊరోళ్లు డయాలసిస్సంటే విశాఖో, శ్రీకాకుళమో, బరంపురమో పోయేవోళ్లు, ఇల్లూ వాకిలీ అమ్మి. నాకు ఆ బాధ లేదు. తిత్లీ తుపానప్పుడు (2018 అక్టోబరు) మాత్రం సెట్లు రోడ్డుకడ్డంగా పడి, కరెంటు లేక రెండు సెషన్లు పోయాయి. పడుకుంటే ఊపిరాడదు. మూడు రాత్రులు కూకునే ఉన్నాను, కూకునే నిద్రపోయాను. మా ఇంటిదీ మా తమ్ముడూ సెరోపక్కా కూకుని నన్ను మధ్యన ఆనించుకున్నారు.

ఆకు పసరు ఆయన నంబరు తీసేశారు, మంచి పని సేశారు. మొదట్లో రెండు నెలలు నానూ తాగాను అలాంటిదే. ఆ రెండు నెలలు డయాలసిస్ మానేసుంటే ఇది రాసేది మా తమ్ముడు.

నీళ్ల సంగతి. మీ నాన్న కొబ్బరి దింపేవోడంటున్నావు. కొబ్బరి నీళ్లు బంద్. పొటాషియం ఎక్కువ, మనకి పడదు. పనసపండు, అరటిపండు బంద్. ఉద్దానంలో పుట్టి ఈ మూడూ మానమంటే ఏటి తినాలో దేవుడికే తెలియాలి. దాహమైతే నాను ఒక లీటరు బాటిల్‌లో సగం నింపి పక్కన ఎట్టుకుంటాను, అదే రోజంతా. మజ్జిగైనా టీ అయినా అందులోంచి తగ్గించుకోడమే. అందుకే ఈ పేరు. రెండో బాటిల్ తీస్తే మా ఇంటిది సంపేస్తాది. మరీ తట్టుకోలేకపోతే ఐసుముక్క ఒకటి నోట్లో ఎట్టుకోమను.

విశాఖ నానూ వెళ్లాను, 2021లో మా అప్ప ఇంటికి. నాలుగు నెలలు. వైద్యం బాగుంది, ఏసీ ఉంది, టీవీ ఉంది. తిరిగొచ్చేశాను. ఎందుకొచ్చావంటే ఇప్పటికీ సెప్పలేను.

ఇంత రాశావు, ఇంతమంది సలహాలిచ్చారు. తెమ్మంటున్నారు, వద్దంటున్నారు. మీ నాన్నేటన్నాడో ఎక్కడా లేదు. అడిగావా?

గెడ్డ ఒడ్డు · నవంబరు 6, ఉదయం 5:55

అడగలేదు. ఆదివారం ఊరెళ్తున్నాను.

టీసీ గారు · నవంబరు 6, ఉదయం 10:20

రైలు సంగతి ఎవరూ చెప్పలేదు. రైల్వేలో ముప్పై మూడేళ్లు చేసి దిగాను. డయాలసిస్‌కి, కిడ్నీ మార్పిడికి వెళ్లే పేషెంటుకి స్లీపరు, థర్డ్ ఏసీ టిక్కెట్టులో 75 శాతం రాయితీ ఉంది, సెకండ్ ఏసీలో సగం. తోడు వచ్చే ఒకరికి కూడా అంతే. కోవిడ్‌లో వృద్ధుల రాయితీ తీసేశారు గానీ ఇది తియ్యలేదు. ఆసుపత్రి వాళ్లు రైల్వే నమూనాలో సర్టిఫికెట్టు రాసివ్వాలి, స్టేషన్ కౌంటర్లో చూపించాలి. నేను పనిచేసినన్నాళ్లలో దీన్ని వాడుకున్న కిడ్నీ పేషెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. తెలీక. రోజూ పోయే ముప్పై కిలోమీటర్లకి కాదు గానీ, విశాఖ డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

పైడి భీమవరం · నవంబరు 6, ఉదయం 11:00

సదరం (వికలాంగుల) సర్టిఫికెట్టు తీసుకుంటే బస్సు పాసు కూడా వస్తుంది కదా?

టీసీ గారు · నవంబరు 6, ఉదయం 11:25

కిడ్నీ జబ్బు వికలాంగుల చట్టం (2016) లోని 21 రకాల్లో లేదు బాబూ. తలసీమియా, హిమోఫిలియా ఉన్నాయి, ఇది లేదు. సదరం స్లాటు కోసం పడిగాపులు పడొద్దు. డయాలసిస్ పింఛను వేరే దారి, ఆసుపత్రి కాగితాల మీద వస్తుంది.

గెడ్డ ఒడ్డు · నవంబరు 9, రాత్రి 11:20

రైల్లో తిరిగొస్తూ రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అడిగాను. ముందు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మూడో అంతస్తు ఎక్కలేన్రా. నలభై ఏళ్లు కొబ్బరి సెట్టు ఎక్కినోణ్ణి, మెట్లు ఎక్కలేనంటే నువ్వు నవ్వుతావని సెప్పలేదు."

మరి షిఫ్టు మార్చమని అడుగుదామా అన్నాను, టెక్నీషియన్ గారు చెప్పినట్టు ఆ ఊళ్లో ఉండే మనిషిని వెతికి. వద్దంటే వద్దన్నాడు. ఎందుకంటే చెప్పడు. అమ్మ చెప్పింది. మూడో షిఫ్టులో పక్క మంచం మీద మందస అవతల ఊరాయన ఒకాయన ఉన్నాడట, వేటకెళ్లేవాడు. ఆయనకి సముద్రం తప్ప ఏమీ తెలీదు, మా నాన్నకి చెట్టు తప్ప ఏమీ తెలీదు. నాలుగు గంటలూ ఒకరికొకరు అవే చెప్పుకుంటారట. బుధవారం ఆయన రాకపోతే శుక్రవారం దాకా నాన్న సరిగ్గా తినలేదట.

నేను ఇక్కడ నాలుగు నెలలుగా పొద్దున షిఫ్టు కోసం ఎమ్మెల్యే గారి పీఏ దాకా ఫోన్లు చేశాను.

వరంగల్ చెల్లీ, మీరు చెప్పింది అమ్మకి చెప్పాను. తను అప్పటికే వేళ్లు మడిచి లెక్కపెట్టేసింది. వేటాయన, మా నాన్న, ఇంకో టీచరు గారు: ముగ్గురూ ఒకే రోడ్డు, ముగ్గురూ మూడో షిఫ్టే, ఎవరి బండి వాళ్లది. టీచరు గారు మోటారు సైకిలు మీద కొడుకు వెనకాల కూర్చుని వెళ్తున్నారట రాత్రి పదింటికి, కొడుకు నడుముకి తువ్వాలుతో కట్టుకుని.

ఓరుగల్లు పిల్ల · నవంబరు 10, ఉదయం 7:10

అయ్యో తువ్వాలతోనా! ఇయ్యాల్నే ఆటో మాట్లాడుండ్రి అన్నా. నెలకింత అని మాట్లాడుకోండ్రి, ట్రిప్పుకింత అంటె మిషన్ లేటయిన రోజు వెయిటింగ్ అని లొల్లి పెడ్తడు. ఇంకొకటి, ఎవరన్న రాకపోయినా ఆయన పైసలు ఆయన కట్టాలె అని ముందే అనుకోండ్రి. మాకు గక్కన్నే పంచాయితీ అయింది.

రెండో బాటిల్ · నవంబరు 10, ఉదయం 8:30

దిగినాక వెంటనే ఆటో ఎక్కొద్దు. పది నిమిషాలు కూకుని, బీపీ సూయించుకుని, లేసి నిలబడి, కళ్లు తిరక్కపోతేనే. ఆటోవోడు హారను కొడతాడు, కొట్టనీ.

గెడ్డ ఒడ్డు · నవంబరు 30, సాయంత్రం 7:15

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి.

17వ తారీఖు సోమవారం నుంచి ఒకే ఆటో. ముగ్గురనుకున్నది నలుగురయ్యారు. రెండో షిఫ్టులో ఉన్న ఒకామె, మా పక్కూరే, తనంతట తనే రాత్రికి మారతానని అడిగింది. పగలైతే తోడెవరూ రావడం లేదట, ఈ ఆటోలో అయితే మా అమ్మ ఉంటుంది కదా అని. కేంద్రంలో వెంటనే మార్చేశారు. ఆమె వదిలిన మధ్యాహ్నం స్లాటు ఇంకెవరికో దొరికింది.

మనిషికి నెలకి 2,900. అమ్మా, టీచరుగారి కొడుకూ వంతులేసుకుని తోడు వెళ్తున్నారు, రోజూ అందరి ఇళ్లనుంచీ అక్కర్లేదు. మొదటి వారం ఒక గొడవ. ఆటో డ్రైవరు మూడో రోజు దారిలో ఇద్దరు బయటి పాసింజర్లని ఎక్కించాడు. వేటాయన దిగి రోడ్డు మధ్యలో నిలబడ్డాడట, వాళ్లు దిగేదాకా ఎక్కనని. ఆ చేతికి పట్టీ, ఆ నీరసం, ఆ కేక! అమ్మ ఫోన్లో చెప్తూ పడీపడీ నవ్వింది.

పంతులుగారూ, పింఛనులో ఇప్పుడు ఏడు వేలు మిగులుతోంది. మీరు ఊరుకోరని తెలుసు, అందుకే ముందే రాస్తున్నాను: అవును, ఈ ఆటో ప్రభుత్వం పెట్టాల్సిందే. టీచరు గారు నలుగురి చేతా సంతకాలు పెట్టించి కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ ఇచ్చి వచ్చారు. రసీదు ఇచ్చారు.

లెక్కల పంతులు · నవంబరు 30, రాత్రి 8:05

రసీదు నంబరు జాగ్రత్త చెయ్యమనండి. సోమవారం సోమవారం అడుగుతూనే ఉండమనండి. వాళ్లు డయాలసిస్‌కి వెళ్లే సోమవారమే గ్రీవెన్సు పెట్టారు చూశారా, అది కూడా రాయమనండి అర్జీలో.

మిషన్ పక్క మనిషి · డిసెంబరు 1, సాయంత్రం 4:02

మా దగ్గర ఊరి పేరు గడి నిండింది. ఒకే రోడ్డువాళ్లు ఏడుగురు తేలారు, రెండు షిఫ్టుల్లో. ఇద్దరు మారనన్నారు, వాళ్ల ఇష్టం. మూడో షిఫ్టు ఎక్కించాలి, ఉంటాను.

బారువ తీరం (కొత్త సభ్యురాలు) · డిసెంబరు 3, ఉదయం 9:48

నమస్తే అండి. ఇది వెతుక్కుంటూ వచ్చాను. మా అత్తయ్యకి ఈ వారమే మొదలెట్టారు, మూడో షిఫ్టే ఇచ్చారు. నిన్న రాత్రి బస్టాండులోనే పడుకున్నాం. మీ ఆటో ఏ దారిన వెళ్తుందండి?

గెడ్డ ఒడ్డు · డిసెంబరు 3, ఉదయం 9:55

అమ్మా, మీ ఊరి పేరు, వారాలు ఏవో నాకు మెసేజ్ పెట్టండి. వెనక సీటులో ఒకరికి చోటుంది. నాన్న ముందు కూర్చుంటున్నాడు.